బాణం చూపని రాయి

అత్తిబెలె చెక్‌పోస్ట్ దగ్గర నీళ్ల ట్యాంకర్ గుద్ది చచ్చిపోయిన మనిషి బూట్లకు ఎర్రమట్టి ఉంది. కుడిచేతి చూపుడు వేలికి ఎర్ర పెయింటు ఉంది. ట్యాంకర్‌కు మాత్రం నంబర్ ప్లేట్ లేదు.

ఏజెంట్ వరూధిని ఆ ఫోటోను రెండుసార్లు చూసి బల్ల మీద పెట్టింది.

"మన మనిషే," అన్నాడు చీఫ్ పిల్లప్ప. "మన రికార్డు రూములో గుమాస్తా. పద్దెనిమిదేండ్లు పని చేసినాడు."

ఆ ఆఫీసుకు బయట 'భూసార పరీక్షా కేంద్రం' అని బోర్డు ఉంటుంది. ఇన్నేళ్లలో పిడికెడు మట్టి పట్టుకుని ఒక్క రైతు కూడా లోపలికి రాలేదు. పిల్లప్పది నాలుగు తరాలుగా బెంగళూరే. ఆయన తెలుగు ఈ ఊరు దాటి ఎన్నడూ బయటికి పోలేదు.

"ఏం అమ్మాడు సార్?"

"మైనా కార్డు."

మైనా అంటే శశిధర్. మహదేవపురలో చిప్ డిజైన్ ఇంజనీరు. మన రాడార్ చిప్‌ల డిజైన్లు ఎత్తుకుపోతున్న 'నార్త్ గేట్' అనే విదేశీ ముఠా అతన్ని తమవాడనుకుంటోంది. అతను మూడేళ్లుగా ఆ ముఠా రహస్యాలన్నీ ఈ ఆఫీసుకు చేరవేస్తున్నాడు. అతను పంపిన ప్రతి మెసేజ్ చదివింది వరూధిని. అతను మాత్రం ఆమె ముఖం చూడలేదు, గొంతు వినలేదు. 'మీ పేరు ఎప్పటికీ బయటికి రాదు' అని మొదటి రోజున ఆమె రాసి పంపిన ఒక్క మాట నమ్ముకుని, భార్యనీ కూతురు చిన్నినీ పక్కన పెట్టుకుని, పులి బోనులో ఉద్యోగం చేస్తున్నాడు.

"ఇప్పుడే అతన్ని ఫ్యామిలీతో సహా తీసుకొచ్చేద్దాం."

"అయ్యేది కాదమ్మా. ముఠాకి ఐదుగురు ఇంజనీర్ల మీద అనుమానం ఉండాది. ఐదుగురి ఇండ్ల ముందరా కాపలా పెట్టినారు. ఎవడు కదిల్తే వాడే మైనా అని తెలిసిపోతాది. వాళ్లకి ఆ కార్డు చిక్కకుండా చేసేదొకటే దారి."

"కార్డు ఎక్కడుంది?"

"గోరంత మెమరీ కార్డు. మైనా ఎవరో, ఇల్లెక్కడో అన్నీ దాంట్లో ఉండాయి. పాత కెమెరా రీలు డబ్బీలో పెట్టి, సర్జాపుర దగ్గర నీలగిరి తోపులో దాచినాడు. ఆ చోటు నంబర్లు ముఠాకి పంపించినాడు. ఆ మెసేజ్ వాని ఫోన్లో మనకి చిక్కింది. పంపిన రెండో రోజుకి వాళ్లే వాణ్ణి లేపేసినారు." పిల్లప్ప ఒక కాగితం ముందుకు తోశాడు. దాని మీద అక్షాంశం, రేఖాంశం, కింద ఒక ముక్క: ఎర్ర చుక్క పెట్టిన చదును రాయి కింద.

వరూధిని నంబర్లు మూడుసార్లు చదువుకుంది. కాగితం పిల్లప్పే తీసుకుని టీ గ్లాసులో ముంచేశాడు.

"జియోకేషింగ్ అని ఒక ఆట ఉండాది, విన్నావా? ఒకరు డబ్బా దాచి ఆ చోటు నంబర్లు చెప్తారు. ఇంకొకరు చేతిలో జీపీఎస్ పట్టుకుని పోయి వెదుకుతారు. దొరికితే లోపలి పుస్తకంలో పేరు రాసి, మళ్లా అక్కడే పెట్టొస్తారు. పనీపాటా లేనోళ్లది అనుకునేవు గానీ, మంచి మంచి ఆఫీసర్లు ఆడతారు. కౌశల్ అని ఒకడు ఆదివారం ఆదివారం కొత్తోళ్లకి నేర్పిస్తాడు. ఈ రోజు క్లాసు చాటున డబ్బీ తీసి పన్నెండు గంటలకి ఇయ్యమని ముఠా వానికే చెప్పింది. వాడు ముఠాలో ఉండే మనోడు."

"డబుల్ ఏజెంట్."

"ఊఁ. వాడు తీసిన డబ్బీ నువ్వు తీసుకుని, ఇది వాని చేతికియ్యి." పిల్లప్ప అచ్చం అలాంటిదే నల్ల డబ్బీ ఇచ్చాడు. "దీంట్లో కార్డులో అసలు పుట్టనే పుట్టని ఇంజనీరు పేరుండాది, అత్తిబెలె ఇంటి అడ్రసు ఉండాది. ఆ ఇంట్లో మనోళ్లు పన్నెండుమంది ఉంటారు. ముందే మనం పోయి తీస్తే కౌశల్ మనోడని తెలిసి వాణ్ణి చంపేస్తారు."

"కౌశల్‌ని నమ్మొచ్చా సార్?"

"నమ్మొచ్చు. దానికే నిన్ను పంపిస్తాండా."

*

అదే ఆదివారం ఉదయం పది. సర్జాపుర రోడ్డులో ఒక కొత్త అపార్ట్‌మెంట్ ముందున్న లాన్. స్పోర్ట్స్ షూలు, నీలం చున్నీ, మెడలో 'శ్వేత, హెచ్ఆర్' అని ట్యాగ్. తాను హెచ్ఆర్ అన్న నమ్మకం తనకే కలిగేదాకా వరూధిని ఆటోలో నవ్వు ప్రాక్టీస్ చేసింది. జీపీఎస్ మాన్యువల్ మాత్రం నలభై రెండు పేజీలూ చదివింది.

కౌశల్ ఆరడుగుల మనిషి. కత్తిరించిన గడ్డం, ఎండలో మెరిసే నల్ల కళ్లద్దాలు, ప్రతి ఒక్కరికీ తనకే చెబుతున్నట్టు అనిపించే గొంతు. క్లాసుకు వచ్చిన తొమ్మిదిమందిలో ఐదుగురు ఆడవాళ్లు జీపీఎస్ కంటే అతన్నే ఎక్కువగా చూస్తున్నారు. వరూధిని కూడా చూసింది. అయితే అతని చేతుల వంక చూసింది.

"ఇక్కడి చెరువు ఎండిపోయిందా?" అని అడిగింది.

"బాతులకు ఇంకా చెప్పలేదు మేడమ్," అన్నాడతను. కోడ్ సరిపోయింది.

పాఠం మొదలైంది. అందరి చేతుల్లోనూ పసుపుపచ్చ హ్యాండ్‌సెట్లు.

"ముందు ఓపెన్ స్కై కిందికి రండి. శాటిలైట్లు దొరికేదాకా తొందరపడకండి. పెద్ద బిల్డింగుల పక్కన సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది, అబద్ధం చెబుతుంది. నిలబడి తిప్పితే ఈ మోడల్‌లో బాణం సరిగ్గా చూపించదు, నడవాలి. ఇంకో మాట. జీపీఎస్ మిమ్మల్ని పది మీటర్ల దాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత దాన్ని జేబులో పెట్టి కళ్లతో వెతకాలి."

మంచి మాటలే చెబుతున్నాడు. వరూధినికి అదే నచ్చలేదు.

పక్కన నిలబడ్డ పెద్దాయన అప్పటికే ఆమెను నాలుగుసార్లు ఎగాదిగా చూశాడు. పేరు రాజగోపాల్, రిటైర్డ్ హెడ్మాస్టరు, అదే అపార్ట్‌మెంట్ వాసి.

"ఏ ఊరమ్మా మీది?"

"కర్నూలండీ."

"కర్నూల్లో ఎక్కడ? ఇక్కడ ఏ కంపెనీ? ఒక్కరే వచ్చారే? మీ ఆయన రాలేదా?"

శత్రువుల చేతిలో రెండుసార్లు విచారణ ఎదుర్కొన్న ఏజెంట్‌కు చెమటలు పట్టాయి. ఈయన ముఠా మనిషా, లేక మామూలు తెలుగువాడా? తేల్చుకోవడం కష్టం.

ఇంతలో కౌశల్ వచ్చి రాజగోపాల్ డివైస్ సెట్ చేసి ఇచ్చాడు. తర్వాత వరూధిని డివైస్ తీసుకున్నాడు. గబగబా నాలుగు బటన్లు నొక్కాడు. "మొదటి పాయింట్ అందరికీ ఇచ్చిన ప్రాక్టీస్ డబ్బా. రెండోది మీకూ నాకూ మాత్రమే," అన్నాడు గొంతు తగ్గించి. "పదకొండున్నరకి రెండో పాయింట్ దగ్గర కలుద్దాం మేడమ్."

నీలగిరి తోపు అపార్ట్‌మెంట్ వెనకే ఉంది. దాని అవతలి కొసన మరో టవర్ లేస్తోంది. పక్కన కూలీల రేకుల షెడ్లు.

బాణం చూపిన వైపు వరూధిని నడిచింది. మిగతా ఎనిమిదిమంది ఎడమకు పోతుంటే ఆమె బాణం కుడికి పొమ్మంటోంది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి రాజగోపాల్ పక్కన భుజానికి భుజం ఆనించినంత దగ్గరగా నిలబడింది. ఆయన అనుమానంగా జరిగాడు. ఆమె కూడా జరిగింది.

ఆయన డివైస్‌లో ప్రాక్టీస్ డబ్బాకు ఆరు మీటర్లు. ఆమె డివైస్‌లో నూటతొంభై.

ఇద్దరూ నిలబడింది ఒకే చోట. వెతుకుతున్నది ఒకే డబ్బా. మాన్యువల్‌లో ముప్పయ్యో పేజీ గుర్తొచ్చింది. సెటప్, తర్వాత మ్యాప్ డేటమ్. భూమిని కొలిచే లెక్క ఏదో అక్కడ చెప్పాలి. జియోకేషింగ్ నంబర్లన్నీ డబ్ల్యూజీఎస్-84 లెక్కలో ఉంటాయి. ఆమె డివైస్‌లో 'ఇండియన్' అని ఉంది. పాత సర్వే మ్యాపుల లెక్క అది. ఇండియాలో ఉన్నాం కాబట్టి ఇండియన్ అనే ఉండాలని కొత్తవాళ్లెవరైనా అనుకుంటారు. అడిగితే కౌశల్ కూడా అదే పొరపాటు అనేవాడు.

కానీ రాజగోపాల్ డివైస్ సెట్ చేసిందీ కౌశలే.

వరూధినికి ఒళ్లు మండింది. తనను నూటతొంభై మీటర్లు పక్కకు తోలేసి, వాడు డబ్బీ తీసి ముఠాకు ఇచ్చేసి, 'దొరకలేదు మేడమ్' అని నవ్వుతాడు. సాయంత్రానికి శశిధర్ ఇంటి తలుపు కొడతారు. ఆమె డేటమ్ మార్చి, గుర్తున్న నంబర్లు మళ్లీ కొట్టింది. బాణం గిర్రున తిరిగి తోపు అవతలి కొసను చూపించింది.

టైమ్ పదకొండు ఇరవై ఐదు.

సన్నటి నీలగిరి చెట్టు చాటున దాక్కోవడం ఎంత గొప్ప ఏజెంట్‌కైనా సాధ్యం కాదు. అందుకని వరూధిని ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు నటిస్తూ దూరంగా నిలబడింది. అక్కడ కౌశల్ మోకాళ్ల మీద ఉన్నాడు. ఆకులు ఎగదోస్తున్నాడు. జీపీఎస్ చూస్తాడు, రెండడుగులు వేస్తాడు, మళ్లీ చూస్తాడు. కళ్లద్దాలు తీసేశాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

రాయి లేదు. రాయి ఉన్న చోట పలకంత గుంట మాత్రం ఉంది.

వాడు చెప్పిన పాఠం వాడే మరిచిపోయాడు. వరూధిని తన డివైస్‌ను జేబులో పెట్టి కళ్లతో చూసింది. గుంట అంచు నుంచి ఎండుటాకుల మధ్య ఏదో ఈడ్చుకుపోయిన జాడ ఉంది. కొంచెం దూరాన మట్టి మీద పసుపు చిందింది. ఆ పసుపు దారి షెడ్ల వైపు పోతోంది.

షెడ్ల ముందు వేపకొమ్మల పందిరి కింద ఎర్ర చుక్క రాయి నిలబడి ఉంది. నిండా పసుపు, వెండి కళ్లు, మెడలో నిమ్మకాయల దండ. ముందు ఒక పళ్లెం. పళ్లెంలో కుంకుమతో నిండిన కెమెరా రీలు డబ్బీ. పక్కన కూర్చున్న నడివయసు మనిషి దీపంలో నూనె పోస్తోంది.

"ఎవురమ్మా నువ్వు? చెప్పులిడ్సి రా."

వరూధిని షూలు విప్పింది. ఇన్నాళ్లూ ఆఫీసు తెలుగు కింద దాచిన కర్నూలు గొంతు బయటికి తీసింది. "ఏ అమ్మోరు అక్కా? యాడనుంచి తెచ్చినారు?"

"మారెమ్మ. నా పేరు పుల్లమ్మ, కదిరి పక్క మాది. పని జాగాలో అమ్మోరు లేకుంటే ఎట్లని రాయి కోసం తిరుగుతాంటే తోపులో ఈ తల్లి కనపడె. ఎవరూ పెట్టకుండానే బొట్టు ఉండాది చూడు! తనే అడిగొచ్చినట్ల కాదా?"

చచ్చిపోయిన గుమాస్తా వేలి పెయింటు అది. వరూధిని ఆ సంగతి చెప్పలేదు.

"ఈ డబ్బీ?"

"రాయి కిందనే ఉండె. లోపల నల్లముక్క ఒగటి ఉండాది. ఎవరో అమ్మోరికి పెట్టింది, మనమెట్ల తీస్తాం? అడుగున దాన్నట్లనే పెట్టి పైన కుంకుమ పోస్తి."

"అక్కా, ఆ ముక్కలో ఒక మనిషి ప్రాణం ఉండాది. ఆయనకి చిన్నబిడ్డ ఉండాది. ఆ డబ్బీ నాకు కావల్ల. ఇట్లాంటిదే ఇంకోటి పెడతా."

పుల్లమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. అబద్ధాలతో పదిహేనేళ్లు బతికిన వరూధినికి ఆ చూపు ముందు నిలబడటం కష్టమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నటన కాదు.

"నాదేముంది? అమ్మోరిని అడుగు," అని పుల్లమ్మ అటు తిరిగి దీపం వత్తి ఎగదోసుకుంటూ కూర్చుంది.

వరూధిని వంగి దండం పెట్టింది. చున్నీ పళ్లెం మీద పడింది. లేచేసరికి వెనక నీడ.

"మేడమ్, ఇక్కడున్నారా? మీ బాణం ఇటు చూపించదే!"

"తప్పిపోయాను కౌశల్. మీకు దొరికిందా?"

"లేదు." అతని చూపు ఎర్ర చుక్క మీద పడింది. అక్కడి నుంచి పళ్లెంలోకి జారింది. నవ్వు మాయమైంది. చేతిలోని జీపీఎస్ యాంటెన్నా చివర సన్నటి విషపు సూది బయటికి వచ్చి, పుల్లమ్మ మెడకు జానెడు దూరంలో ఆగింది. "కదలకండి. ఇద్దరూ."

"షూలు ఇడ్సి రాకూడదా అయ్యా?" అంది పుల్లమ్మ. ఆమెకు సూది సంగతి తెలియదు.

కౌశల్ డబ్బీ అందుకుని పరుగెత్తాడు. రోడ్డు మీద వెండి రంగు కారు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. పన్నెండుకు ఒక్క నిమిషం. "పట్టుకోండి! దొంగ!" అని అరుస్తూ వరూధిని వెంటపడింది. ఇరవై గజాలు పోయాక నీలగిరి వేరు తగిలి బోర్లా పడింది. ఇంత చక్కగా ఆమె జీవితంలో ఎన్నడూ పడలేదు. కారు కౌశల్‌ను ఎక్కించుకుని దుమ్ము లేపుకుంటూ పోయింది.

దుమ్ము తగ్గాక ఆమె పిడికిలి విప్పింది. కుంకుమ నిండిన అసలు డబ్బీ అందులో ఉంది. చున్నీ కింద మూడు సెకన్లలో పళ్లెంలోకి చేరింది పిల్లప్ప ఇచ్చిన డమ్మీ. పైన చిటికెడు కుంకుమ పోయడం కూడా ఆమె మరిచిపోలేదు.

సాయంత్రం ఐదింటికి అత్తిబెలె ఇంటి తలుపు పగలగొట్టుకుని లోపలికి దూకిన ఆరుగురికి, వాళ్లను తోడుకొచ్చిన కౌశల్‌కు పన్నెండు తుపాకులు స్వాగతం చెప్పాయి. పిల్లప్ప ఫోన్ చేసి రెండే ముక్కలు అన్నాడు: "అంతా చిక్కినారు. ఇంక సర్జాపుర స్టేషన్ నుంచి ఫోనొచ్చింది, ఎవరో రిటైర్డ్ హెడ్మాస్టరు నీ మీద కంప్లైంట్ ఇచ్చినాడంట, అనుమానంగా తిరగతా ఉండాది అని."

ఆమె నవ్వింది. తర్వాత చేయకూడని పని ఒకటి చేసింది. కొత్త సిమ్ వేసి, కంఠతా వచ్చిన నంబర్ కొట్టింది.

"హలో?" మూడేళ్లకు మొదటిసారి ఆ గొంతు. వెనకాల టీవీ చప్పుడు, చిన్నపిల్ల గొడవ.

"శశిధర్ గారేనా సార్? మీరు ఊటీ హాలిడే ప్యాకేజీ గెలుచుకున్నారు."

"ఆదివారం కూడా వదలరా? నా నంబర్ మీకెవరిచ్చారు? ఏ కంపెనీ? మీ పేరేంటి, అసలు పేరు చెప్పండి. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

అవతల ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

మూడేళ్లుగా కాపాడుకొచ్చిన మనిషి అర నిమిషంలో తనను బ్లాక్ చేశాడు. చాలా మంచి ఏజెంట్, అనుకుంది వరూధిని, కళ్లు తుడుచుకుంటూ.