సూది మందు బందయిన నాడు

ప్రభాకర్‌కు సులోచనతో పరిచయం తగవుతోనే మొదలైంది.

డెబ్బయ్యవ దశకం చివరి రోజులు. పాతబస్తీలోని దబీర్‌పురా రైల్వే స్టేషనుకు కొంచెం ఇవతల డాక్టర్ వెంకటనారాయణ దవాఖానా ఉండేది. రెండు గదులు, వరండాలో పొడవాటి బెంచీ. సులోచన అక్కడ నర్సు. పొద్దున రాగానే కిరోసిన్ స్టవ్ మీద గిన్నె పెట్టి గాజు సిరంజిలు, సూదులు మరగబెట్టడంతో ఆమె పని మొదలయ్యేది.

ప్రభాకర్ మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. మెడలో టై, చేతిలో తోలు బ్యాగు, బ్యాగు నిండా రంగురంగుల కాప్సూళ్లు. ఆ రోజు అతను వచ్చేసరికి ఒక ముసలమ్మ గోలీలు వద్దు, సూదే కావాలని డాక్టరుతో గొడవ పడుతోంది.

"గోలీ సే క్యా హోతా డాక్టర్ సాబ్? సూయి లగావ్!"

డాక్టరు నవ్వి సులోచన వైపు చూశాడు. సులోచన సూది వేసింది. ముసలమ్మ రోగం సగం పోయినదానిలా లేచి వెళ్లింది.

ప్రభాకర్ ఊరుకోలేకపోయాడు. "ఇంకో ఐదేండ్లు ఆగుండ్రి సిస్టర్. లోకమంత కాప్సూల్ దిక్కే పోతున్నది. ఈ సూదులు, ఈ గిన్నెలు అన్నీ అజాయబ్ ఘర్ల, గదే మ్యూజియంల, పెట్టుడే."

సులోచన తలెత్తకుండానే అడిగింది. "నన్ను గూడ అండ్లనే పెడ్తరా సార్? టికెట్ ఎంత పెడ్తరు?"

బెంచీ మీద వాళ్లంతా గొల్లున నవ్వారు. ప్రభాకర్ చెవులు ఎర్రబడ్డాయి.

లోపలికి వెళ్లాక డాక్టరు అతన్ని ఓదార్చాడు. "నీ మందు మంచిదే ప్రభాకర్. కాని గోలీ ఇచ్చి పంపితే ఇంటికి పోయి మింగిండో లేదో నాకేమెరుక? రెండు రోజులల్ల తక్లీఫ్ తగ్గితె డబ్బా మూలకు పడేస్తరు. సూది అయితె నా కండ్ల ముంగటనే లోపలికి పోతది."

నెలాఖరున ఆబిడ్స్‌లో జరిగిన కంపెనీ మీటింగులో మేనేజరు గోడకు పెద్ద చార్టు తగిలించాడు. దేశమంతటా నోటి మందుల గీత పైకి పోతోంది. సూది మందుల గీత మెల్లగా దిగుతోంది. పాతబస్తీలో మాత్రం తలకిందులు. "అక్కడ ఏం ప్రాబ్లమ్?" అని అడిగితే ప్రభాకర్ డాక్టరు మాటలే అప్పజెప్పాడు. "ఆ అలవాటు మార్చడానికే కదయ్యా నీకు జీతం" అన్నాడు మేనేజరు.

ఆ సంగతి సులోచనతో చెప్పుకుంటే ఆమె కళ్లు మెరిశాయి. "మొన్న వేరే కంపెనీ ఆయన వచ్చిండు సార్. ఒక్క సూది ఏస్తె నెల దాంక పనిచేసే మందులు గూడ వస్తున్నయంట. మరి ముందుగాల అజాయబ్ ఘర్‌కు ఎవరు పోతరు, మీరా నేనా?"

"ఇద్దరం కలిసే పోదాం" అనేశాడు ప్రభాకర్. అన్నాక అర్థం తెలిసి బ్యాగు తీసుకుని బయటపడ్డాడు.

ఆ వానాకాలంలోనే అతని తల్లి శారదమ్మకు సాయంత్రం పూట జ్వరం మొదలైంది. దగ్గు తగ్గలేదు. ఎక్స్‌రే డాక్టరు కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు.

"టీబీ. భయపడకు, నయమైతది. మాత్రలు ఉంటయ్. దాంతోపాటు కొన్ని నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది పడాలె. అమ్మ రోజూ ఇక్కడిదాంక నడువలేదు గద?"

సులోచన సిరంజి తుడుస్తూ అంది. "నేను పోత సార్. గౌలిపురాల వీళ్ల ఇల్లు నేను ఇంటికి పోయే తొవ్వలనే ఉన్నది."

కంచన్‌బాగ్ లోహాల ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి గుండయ్యతో ఆమె అక్కడి క్వార్టర్సులో ఉండేది. గౌలిపురా సరిగ్గా దారిలో లేదని ప్రభాకర్‌కు తెలుసు. అయినా చిరునామా రాసిచ్చాడు.

శారదమ్మది గుడి పూజారుల కుటుంబం. భర్త పోయినా ఆ ఇంటికి వచ్చీపోయే వాళ్లు ఎప్పుడూ ఉండేవారు. రోగం పేరు గల్లీలో తెలిసిన వారానికల్లా ఆ రాకపోకలు ఆగిపోయాయి. పక్కింటామె అరుగు మీది నుంచే పలకరించి వెళ్లేది. ప్రసాదం పంపేవాళ్లు గిన్నె గడప దగ్గర పెట్టి, ఖాళీ గిన్నె వద్దని చెప్పి పోయేవారు.

సులోచన మొదటి రోజు వచ్చి సూది వేసి, చేతులు కడుక్కుని, "మస్తు దూపైతున్నదమ్మా, కొన్ని మంచినీళ్లు ఇస్తరా?" అని అడిగింది.

శారదమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "మా ఇంట్ల తాగుతవా బిడ్డా?"

"ఎందుకు తాగను?"

ఆమె తలుపు దగ్గరే నిలబడి గ్లాసెడు నీళ్లూ తాగింది. శారదమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ప్రభాకర్ ఆ రోజు నుంచి తన సాయంత్రపు డాక్టర్ల విజిట్లన్నీ పొద్దుటికి మార్చుకున్నాడు.

ఒకరోజు పెద్ద వాన. గల్లీలో మోకాలి లోతు నీళ్లు. ఇక రాదనుకుంటుండగా సులోచన తలుపు తట్టింది. జడ నుంచి నీళ్లు కారుతున్నాయి. సిరంజి డబ్బా మాత్రం కొంగు కింద పొడిగా ఉంది.

"ఇసొంటి వానల ఎందుకొచ్చినవ్ సిస్టర్?" అన్నాడు ప్రభాకర్ తువ్వాల అందిస్తూ.

"ఒక్కరోజు గూడ తప్పొద్దని డాక్టర్ సాబ్ చెప్పిండు గద." తల తుడుచుకుంటూ ఆగింది. "ఒక మాట. దవాఖానల సిస్టర్ అనుండ్రి. ఇంట్ల వద్దు."

"మరి ఏమని పిలువాలె?"

"నాకు పేరు లేదా?"

"సులోచనా" అన్నాడు. ఆ ఒక్క మాట పలకడానికి అతనికి చాలాసేపు పట్టింది. లోపలి గదిలో మంచం మీద శారదమ్మ గోడ వైపు తిరిగి నవ్వుకుంది.

దగ్గు తగ్గింది. జ్వరం పోయింది. శారదమ్మ ఒంటికి కండ పట్టింది. కానీ ఆమె నడిచేటప్పుడు గోడ పట్టుకోవడం ప్రభాకర్ గమనించాడు. పాలు పొంగి పొయ్యిలో పడి చుయ్యిమంటున్నా తిరిగి చూసేది కాదు. "నీరసం రా" అనేది.

ఒక సాయంత్రం అతను గల్లీ మలుపు తిరిగేసరికి సులోచన తలుపు దగ్గర నిలబడి గొళ్లెం కొడుతోంది. గట్టిగా కొడుతోంది. కిటికీలోంచి శారదమ్మ కనిపిస్తోంది. తలుపు వైపు వీపు తిప్పి, రెండు మూరల దూరంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. కదలలేదు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ప్రభాకర్ కిటికీలోంచి చేయి పెట్టి గడియ తీశాడు. కొడుకు భుజం మీద చేయి వేయగానే శారదమ్మ ఉలిక్కిపడి లేచింది. లేస్తూనే తూలి స్తంభం పట్టుకుంది.

"అమ్మా, ఎప్పటి సంది గిట్ల?" అన్నాడు గట్టిగా.

"ఏందిరా?"

"చెవులు! ఎప్పటి సంది వినవడ్తలేదు?"

శారదమ్మ దబాయించబోయింది. సులోచన ముఖం చూసి ఆగిపోయింది. మెల్లగా చాప మీద కూలబడింది.

"నెల దాటింది. చెవుల గుయ్యిమంటున్నది. లేస్తె ఇల్లంత తిరిగినట్లయితది."

సులోచన ఆమె ఎదుట చతికిలబడింది. "మీరు దవాఖానకు పోయినప్పుడల్లా డాక్టర్ సాబ్ అడిగిండు గదమ్మా! నేను గూడ ఎన్నిసార్లు అడిగిన! చెవుల చప్పుడు వస్తదా, కండ్లు తిరుగుతయా అని. లేదంటిరి!"

"చెప్తె సూది బందు పెడ్తరు. సూది బందయితె నువ్వు రావు." శారదమ్మ ఆమె చేయి అందుకుంది. "గీ గడప ఎవ్వరు తొక్కుతలేరు బిడ్డా. నువ్వొక్కదానివే వస్తున్నవ్. నువ్వొచ్చే యాళ్లకు నా కొడుకు మొఖం ఎట్లుంటదో నేను చూస్తున్న. గది చూసుకుంట కూసున్న."

సులోచన చేయి వెనక్కి తీసుకుంది. సిరంజి డబ్బా తెరవకుండానే పట్టుకుని బయటికి వెళ్లింది. ఆ రోజు సూది పడలేదు. మళ్లీ ఎప్పుడూ పడలేదు.

డాక్టరు పరీక్ష చేసి నిట్టూర్చాడు. సూది మందు చెవి నరాన్ని దెబ్బతీసింది. ఎడమ చెవి ఇక రాదు. కుడి చెవి చాలావరకు నిలుస్తుంది. ఇప్పటినుంచి అన్నీ నోటి మందులే. ఆయన కాగితం మీద రాసిన కొత్త కాప్సూల్ పేరు చూసి ప్రభాకర్ తల వంచుకున్నాడు. అది అతని బ్యాగులో ఎప్పుడూ ఉండేదే.

కాప్సూళ్లు మొదలయ్యాయి. గౌలిపురా ఇంటికి సాయంత్రాలు ఖాళీగా వచ్చిపోయాయి. దవాఖానాలో ప్రభాకర్ కనిపిస్తే సులోచన లోపలి గదిలోకి వెళ్లిపోయేది.

చివరికి ఒకనాడు పని ముగించుకుని ఆమె స్టేషను పక్కగా నడుస్తుంటే అతను ఎదురు వెళ్లాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి.

"నా మీద కోపమా సులోచనా?"

"మీ మీద ఎందుకు? నా చేతుల మీద. రోజూ పోయి నా చేత్తోనే ఆమె చెవి పోగొట్టిన."

"నువ్వు కాదు." అతను చేతిలోని బ్యాగు చూపించాడు. "కాప్సూల్ సంగతి నాకు తెల్వదా? ఊరంత తిరిగి చెప్పెటోన్ని. సూది లేకుంట అయితదా అని డాక్టర్ సాబ్‌ను ఒక్కసారన్న అడుగొచ్చు. అడుగలే. అడిగితె నువ్వు రావు. గందుకే అడుగలే."

సులోచన నిలబడిపోయింది. అది ప్రేమ మాటే. కానీ ఆమె కళ్లలోకి నీళ్లు తెచ్చింది సంతోషం కాదు.

"నేను గూడ రావాలనే వచ్చిన. వాన పడ్డా వచ్చిన. ముగ్గురం ఎవరి సంతోషం వాళ్లు చూసుకున్నం. పోయింది మాత్రం అమ్మ చెవి." కొంగు తల మీదికి లాక్కుంది. "ఆ ఇంట్ల ఇంక నేనెట్ల నవ్వుకుంట తిరుగుత? నన్ను అడుగకుండ్రి."

ఆమె వెళ్లిపోయింది. ప్రభాకర్ ఆ వానలో ఆమెను వెనక్కి పిలవలేదు. పిలిచే హక్కు తనకుందని అనిపించలేదు.

చలికాలం వచ్చింది. కఫం పరీక్షలో ఏమీ లేదని తేలింది. కొన్ని నెలలు మందులు ఆపకుండా మింగితే చాలన్నాడు డాక్టరు. ఆ తర్వాతి సోమవారం శారదమ్మ కొడుక్కి చెప్పకుండా ఒక్కతే, గోడలు పట్టుకుంటూ, ఆగుతూ, దబీర్‌పురా దాకా నడిచి వచ్చింది.

బెంచీ నిండా జనం. సులోచన ఆమెను చూసి పరుగెత్తుకొచ్చి చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఒక్కరే ఎట్లొచ్చినరమ్మా? పడితె?"

"పడలే గద. నిన్న రిక్షాల మీ ఇంటికి గూడ పోయొచ్చిన."

"మా ఇంటికా?"

"నువ్వు ఆదివారం గూడ డ్యూటీల ఉన్నవ్. మీ బాపుతోని మాట్లాడిన. నాకు గీ రోగముండె, ఇప్పుడు తగ్గిందని డాక్టర్ మాట చెప్పిన. కులం సంగతి గూడ ఆయనే ఎత్తిండు. 'మా ఇంట్ల మీరు నీళ్లు తాగుతరా అమ్మా?' అన్నడు. గ్లాసెడు తాగిన."

సులోచన ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "బాపు ఏమన్నడు?"

"'నా బిడ్డ రోజూ మీ ఇంటికొస్తుంటెనే భయపడలే, ఇప్పుడేం భయపడుత' అన్నడు. 'నాకు ఇష్టమే గాని నా బిడ్డను అడుగుండ్రి' అన్నడు. గందుకే వచ్చిన." శారదమ్మ ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "గీ చేతులు నన్ను బతికిచ్చినయ్. దాసుకున్నది నేను, నువ్వు కాదు. చెవి పోయిందని నాకు రంది లేదు. నువ్వు రాకుంటనే ఇల్లు సప్పుడు లేకుంటైంది. మావోడంటె నీకు ఇష్టమేనా?"

అప్పుడే ప్రభాకర్ తల్లిని వెతుక్కుంటూ రొప్పుతూ వచ్చి వరండా మెట్ల దగ్గర ఆగిపోయాడు. సులోచన అతన్ని చూసింది. ఇన్నాళ్లూ లోపల గడ్డకట్టుకున్నదేదో కరిగింది. తల వంచుకుని శారదమ్మ పక్కకు చేరి, గొంతులోనే అంది.

"ఇష్టమే."

"ఏంది బిడ్డా?"

"ఇష్టమే అమ్మా."

"వినవడ్తలేదే!"

సులోచన కళ్లు మూసుకుంది. "నాకు ఇష్టమే అమ్మా!" అని గట్టిగా అరిచింది.

బెంచీ మీది తలలన్నీ ఇటు తిరిగాయి. లోపలి నుంచి డాక్టరు స్టెతస్కోపుతో సహా బయటికి వచ్చాడు. బెంచీ చివర కూర్చున్న ఒక బురఖా అవ్వ ముందుగా తేరుకుంది.

"ముబారక్ హో బేటీ!"

ప్రభాకర్ మెట్టు మీదే కూర్చుండిపోయాడు. శారదమ్మ కోడలి చెంపలు నిమిరింది.

"గంత గట్టిగ ఎందుకు బిడ్డా? గీ కుడి చెవి నాకు మంచిగనే వినవడ్తది."