నూట పన్నెండు ఇళ్ళకు పోయిన ఉత్తరం

ప్రేమలత డోర్నకల్ నుంచి జనగామకు రైలెక్కి వచ్చింది పోట్లాడటానికే. ఆ సంగతి తెలియని సంజీవ, ఖదీర్ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఒక మూల కూర్చుని అట్టపెట్టెలకు రంగు కాగితం అంటిస్తున్నాడు. ఎనభై నాలుగో సంవత్సరం, ఆషాఢ మాసం. బయట వాన పడాలా వద్దా అని ఆలోచిస్తోంది.

ఆమె చంకలోని పెట్టె తీసి అతని ముందు పెట్టింది. పెట్టె మీద 'జంక్షన్' అని ఎర్రటి అక్షరాలు. కింద 'ఇంట్లో కూర్చుని రైల్వే స్టేషన్ నడపండి' అని చిన్న అక్షరాలు.

"గిది తయారుచేసింది మీరేనా?"

"నేనే," అన్నాడు సంజీవ, కాస్త గర్వంగానే. ఆట కొన్న మనిషి ఎదురుగా వచ్చి నిలబడటం అతనికి అదే మొదటిసారి. పైగా వచ్చిన మనిషి కళ్ళు పెద్దవి. "నచ్చిందా?"

"మూడో ఆటల రెండు రైళ్ళు గుద్దుకున్నయి. మా నాయిన రెండు రోజుల సంది సక్కగ అన్నం తింటలేడు."

"అట్టముక్కల రైళ్ళే గద."

"మా నాయిన డోర్నకల్ల అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్. ఇరవై రెండేండ్ల నౌకరిల ఒక్క బండి గుద్దుకోలే. మీ పెట్టె ఇంటికొచ్చిన మూడో రోజే గుద్దుకుంది. ఆయనకు అట్టముక్కయినా ఒకటే, ఇనుమైనా ఒకటే."

టైపు మిషన్ వెనక నుంచి ఖదీర్ తల పైకెత్తాడు. మళ్ళీ దించాడు. సంజీవకు మిత్రుడు, ఆ ఇన్‌స్టిట్యూట్ యజమాని, ఆటల వ్యాపారంలో సగం వాటాదారు అయిన ఖదీర్‌కు ఒక అలవాటుంది. గొడవ జరిగేచోట అతను వేళ్ళు తప్ప ఇంకేమీ కదపడు.

"డోర్నకల్ నుంచి కారేపల్లికి ఒక్కటే లైన్," అంది ఆమె. "మీ రూల్ ప్రకారం పాచిక ఆరు పడితే బండి పోవచ్చు. అటునుంచి ఇంకొకరికి ఆరు పడితే ఆ బండి గూడ పోవచ్చు. మీరు ఎన్నడన్న స్టేషన్ల పనిచేసిన్రా?"

"ప్లాట్‌ఫారం మీద చాయ్ తాగిన."

"తెలుస్తనే ఉంది."

అప్పుడు ఆమె కుర్చీ లాక్కుని టోకెన్ సంగతి చెప్పింది. సింగిల్ లైన్ మీద డ్రైవర్ చేతికి ఒక ఇనుప గుండు ఇస్తారు. అది చేతిలో లేనిదే బండి కదలదు. అవతలి స్టేషన్ వాళ్ళు సరేనంటే తప్ప ఇవతలి మిషన్లోంచి ఆ గుండు బయటికి రాదు. ఒకసారి ఒకటే వస్తుంది. ఆమె చేతులు తిప్పుతూ చెబుతుంటే సంజీవ సగం విన్నాడు, సగం చూశాడు.

"ఈ రూల్ మీరే రాసియ్యరాదు," అన్నాడు చివరికి.

"నేనెందుకు రాయాలె? ఆట మీది."

"మీ నాయిన అన్నం తినాలె గద."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుని ముఖం తిప్పుకుంది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. సాయంత్రం బండికి పోయేలోపు టోకెన్ రూలు నాలుగు వాక్యాల్లో రాసిచ్చింది.

ఇంతకీ ఆ ఆట డోర్నకల్ దాకా ఎలా పోయిందో చెప్పాలి. మొదట్లో సంజీవ పెట్టెలను వరంగల్ దుకాణాలకు ఇచ్చాడు. దుకాణాల వాళ్ళు వాటిని పలకల కట్టల వెనక పెట్టి మరిచిపోయారు. ఆరు నెలలు తిరిగి తిరిగి చెప్పులు అరిగాక, సంజీవ ఒక రోజు చాయ్ గ్లాసు కింద పెట్టి, "మన దుకాణం మనమే పెడదాం, పోస్టాఫీసుల," అన్నాడు. మనియార్డర్ పంపితే పెట్టె పోస్టులో ఇంటికి వస్తుంది. పెట్టె కొన్నవాళ్ళందరూ 'జంక్షన్ సంఘం' సభ్యులు. సంఘానికి నెలకొకసారి ఖదీర్ టైపు కొట్టే నాలుగు పేజీల సైక్లోస్టైల్ పత్రిక. అందులో 'సభ్యుల మాట' అని రెండు పేజీలు. మొదటి సంచికలోనే సంజీవ ఘనంగా ప్రకటించాడు: "సంఘానికి వచ్చిన ఏ ఉత్తరాన్నీ దాచం. తిట్టినా అచ్చు వేస్తాం."

జనం బాగా తిట్టారు. తిడుతూనే ఆడారు. సభ్యులు నూట పన్నెండు మంది అయ్యారు. భూపాలపల్లి దవాఖానలో నర్సు గట్టమ్మ, డ్యూటీ లేనప్పుడు నలుగురు రోగులను కూర్చోబెట్టి ఆడిస్తానని రాసింది. జనం మానుకోట అనే మహబూబాబాద్‌లో బ్యాంకు గుమాస్తా బిక్షపతి, ప్రతి నెలా రూల్స్‌లో ఒక లొసుగు కనిపెట్టి పంపేవాడు.

ప్రేమలతతో మాత్రం ఆట కార్డుల మీద నడిచింది. డోర్నకల్‌లో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే టీచరామె. బడి అయ్యాక బోర్డు ముందేసుకుని, తన ఎత్తు పోస్టుకార్డు మీద రాసి పంపేది. సంజీవ తన ఎత్తు రాసి పంపేవాడు. కార్డులో కింద కొంచెం చోటు మిగిలేది. ఆ చోట్లోనే అసలు సంగతులన్నీ నడిచాయి.

"గూడ్స్ బండిని పక్క లూప్‌లైన్లకు తీసిన. ఈడ వాన. ఆడ?" అని ఆమె.

"ప్యాసింజర్‌ను ఆపిన. ఈడ వాన లేదు. నీ కార్డు చూసినంక పడ్డది," అని అతను.

"అబద్ధాలకు రూల్ పుస్తకంల శిక్ష ఉన్నదా? జర పైలంగ రాయి. నీ కార్డులు నాకన్న ముందు మా నాయిన సదువుతడు. ఆయనకన్న ముందు పోస్ట్‌మాన్ సదువుతడు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు. నాలుగు నెలల్లో సంజీవ ఏడు ఆటలు ఓడాడు. ఓడినందుకు ఇంత సంతోషపడే మనిషిని ఖదీర్ ఎక్కడా చూడలేదు.

చివరికి కార్డు చాలదనిపించింది. ఒక కార్తీక పౌర్ణమి మధ్యాహ్నం సంజీవ తలుపు గడియ పెట్టుకుని మూడు పేజీల ఉత్తరం రాశాడు. ప్రేమలతా, నీ కార్డు రాని రోజు నాకు అన్నం సయించదు. నువ్వు కోపంతో వచ్చి కూర్చున్న కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వను. నన్ను పెండ్లి చేసుకుంటావా. ఇష్టం లేకపోతే తర్వాతి ఎత్తు మాత్రం పంపు, ఆట ఆపకు. ఇలా సాగింది. రాసిన తర్వాత చూస్తే ఇంట్లో కవరు లేదు. ఇన్‌స్టిట్యూట్‌కు తెచ్చి టేబుల్ మీది ట్రేలో పెట్టి, కవరు కొనడానికి లేచాడు. అంతలోనే బచ్చన్నపేటలోని తమ చేను నుంచి కబురొచ్చింది, పత్తి ఏరడానికి కూలీలు దొరికారు, వెంటనే రమ్మని. సంజీవ అట్నుంచటే బస్సెక్కాడు.

అది సభ్యుల ఉత్తరాలు పెట్టే ట్రే.

నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి ఆ నెల పత్రిక పోస్టయిపోయింది. తన కాపీ తీసి 'సభ్యుల మాట' చదవబోయిన సంజీవ, మొదటి వాక్యం దగ్గరే కూలబడ్డాడు.

"ఖదీర్, గిదేంది?"

"సభ్యుల మాట."

"గిది నా ఉత్తరం రా."

"నువ్వు గూడ సభ్యుడివే గద."

"సదివినవా అసలు?"

"సదువుడెందుకు భాయ్? పదిహేనేండ్ల సంది టైపు కొడుతున్న. కన్ను అక్షరం చూస్తది, వేలు అక్షరం కొడుతది. నడుమ నాకేం పని?" అన్నాడు ఖదీర్ నిజాయితీగా. ఆ మాట నిజమే. తన పెళ్ళి కార్డు కూడా అతను అలాగే టైపు చేసి, నిఖా ఎప్పుడని ఇంట్లో అడిగాడు.

సంజీవ ఇంటికి పరుగెత్తాడు. పత్రికలకు చుట్టుకాగితం అంటించేది తల్లి కమలాదేవి. మైదాపిండి గిన్నె కడుగుతోందామె.

"అవ్వా, ఈ నెల కాయితాలు నువ్వే అంటించినవా?"

"నేనే. మంచిగ రాసినవ్ కొడుకా. రెండుసార్లు సదివిన."

"సదివి గూడ పంపినవా?"

"ఆపితే నువ్వు ఈ జన్మల పంపుతుంటివా?" అని ఆమె గిన్నె బోర్లించింది.

వారం తిరగకుండా కార్డులు మొదలయ్యాయి. గట్టమ్మ రాసింది: "మా దవాఖానల అందరు సరేనన్నరు. ఒక్క జ్వరం పేషెంటు మాత్రం ఆలోచించి చెప్తనన్నడు." డోర్నకల్ పక్క తండా నుంచి దస్రు రాశాడు: "పిల్ల మంచిది. మా తమ్ముని బిడ్డకు ఆమెనే లెక్కలు చెప్పింది. నువ్వెట్లాంటోడివో రాయలేదు." ఎవరో పేరు రాయకుండా, 'ఉత్తరం బాగుంది గాని చివర జర ఎక్కువైంది' అన్నారు. ఇరవై ఆరు కార్డులు. డోర్నకల్ నుంచి మాత్రం ఒక్కటీ లేదు. ఎత్తు కూడా రాలేదు.

పదో రోజున మహబూబాబాద్ బిక్షపతి కార్డు వచ్చింది. "సంఘం వారికి నమస్కారాలు. సదరు అమ్మాయిని మా మేనల్లునికి అడుగుదామని ముందు నుంచే అనుకుంటున్నం. వచ్చే బేస్తవారం చూడబోతున్నం. దీనిమీద రూల్ ఏమన్న ఉన్నదా?"

ఆ రోజు మంగళవారం. గురువారానికి మధ్యలో ఒక్కరోజే. ఆమెకు కోపం వచ్చి ఉంటే సంజీవ భరించగలడు. తన ఉత్తరం వల్ల ఆమె ఊళ్ళో తలదించుకుని, వచ్చిన మొదటి సంబంధానికి తలూపితే మాత్రం భరించలేడు. బుధవారం పొద్దున్నే కాజీపేట బండెక్కాడు.

డోర్నకల్‌లో దిగేసరికి వేళకాని వేళ వాన. స్టేషన్ గదిలో రాంచందర్, అంటే ప్రేమలత తండ్రి, ఫోన్‌లో ఎవరికో బండి నంబర్ చెబుతున్నాడు. సంజీవను కిందినుంచి మీదికి చూశాడు.

"జంక్షన్ నీదేనా?"

"నాదే సార్."

"ఉత్తరం గూడ నీదే?"

"నాదే సార్. తప్పయింది. ఒక్కరికి రాసింది అందరికి పోయింది."

"పోయిందేం తప్పుకాదు. బండి పట్టాలు తప్పుతే తప్పు." ఫోన్ మోగింది. ఎత్తి, 'లైన్ క్లియర్' అని పెట్టేశాడు. "స్టేషన్లకు దిగిన ప్రతోడు నన్ను అడుగుతున్నడు, ఏమన్నది మీ బిడ్డ అని. గ్యాంగ్‌మన్ అడుగుతడు, చాయ్‌వాలా అడుగుతడు. నాకే తెల్వకపాయె. పో, వెనక షెడ్డు కాడ ఉన్నది, అన్నం డబ్బా తెచ్చింది. నాకు గూడ తెలుసుకోవాలనున్నది."

షెడ్డు కింద ప్రేమలత గొడుగు మడిచి నిలబడి ఉంది. అతన్ని చూసి కదల్లేదు.

"కోపమొచ్చిందా?" అన్నాడు సంజీవ.

"వచ్చింది."

"అందరికి తెలిసిందనా?"

"కాదు. నా కాపీ వేరే సంచిల పడి మూడు రోజులు ఆలస్యమైంది. పోస్ట్‌మాన్ వచ్చి, శుభం అమ్మా అన్నడు. ఎందుకని అడిగిన. పక్కింటి వాళ్ళది తెచ్చి చూపించిండు." ఆమె గొడుగు మొన నేలకు ఆనించింది. "భూపాలపల్లి నర్సుకు తెలుసు. తండాల దస్రుకు తెలుసు. నా గురించి నువ్వు రాసుకున్న మాటలు అందరికన్న ఆఖరున నేను సదివిన. గది నాకు రావలసింది గద, సంజీవ."

సంజీవ, తప్పు ఖదీర్ వేళ్ళదని, ట్రేదని, పత్తిదని చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. కానీ ఆమె అడుగుతున్నది వాటిని కాదు. నాలుగు నెలలు అతను కాగితం చాటునే మాట్లాడాడు. ఎదురుగా నిలబడి ఒక్క మాటా అనలేదు.

"రేపు మానుకోట వాళ్ళు వస్తున్నరా?" అన్నాడు.

"వస్తున్నరు. వచ్చే ముందు నువ్వేమన్న చెప్పేదుందా, లేకుంటే వచ్చే నెల పత్రికల చూసుకోవాల్నా?"

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. సంజీవ దగ్గరికి వచ్చాడు.

"నువ్వంటే నాకు పానం. నువ్వు లేకుంటే ఆ ఆట గూడ నాకొద్దు. నన్ను చేసుకుంటవా?"

"వాన చప్పుడు. ఇనపడలే."

అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి గట్టిగా. చాయ్‌వాలా గ్లాసులు కడగటం ఆపాడు.

"ఇప్పుడు ఇనపడ్డది. ఇంకోసారి చెప్పు."

"ఇనపడ్డదంటివి గద."

"నూట పన్నెండు మంది తర్వాత ఇంటున్న. నాకు ఇంకోసారి కావాలె."

మూడోసారి అతను మెల్లగా, ఆమెకు ఒక్కదానికే వినపడేట్టు చెప్పాడు. చెబుతుంటే అతని కళ్ళలో నీళ్ళొచ్చాయి. అతనికే సిగ్గేసింది. ఆమె కూడా కొంగుతో ముఖం తుడుచుకుంది, వానజల్లు అన్నట్టు.

"సరే," అంది.

"సరే అంటే?"

"చేసుకుంట. మానుకోట వాళ్ళను రావద్దని నాయిన ఫోన్ కొట్టిస్తడు."

"అంతేనా? నేను మూడు పేజీలు రాస్తి."

"అందుకే సగం జిల్లాకు తెలిసింది," అంది ప్రేమలత, అతని చెయ్యి పట్టుకుని వదలకుండా.