ఒక చుక్క ఎక్కువ

ముసలి సైంటిస్టు తన కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడు. మెడ వెనక సూదిపోటు తప్ప ఒంటిమీద ఇంకే గాయమూ లేదు. ఎదుటి అలమారలో పన్నెండు గాజు ఫ్లాస్కుల్లో మూలిక కణాలు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా పెరుగుతున్నాయి.

ఆ ల్యాబ్‌లో మూడు వారాలుగా ఫ్లాస్కులు కడుగుతున్న బక్కాయన అసలు సీక్రెట్ సర్వీస్ మనిషి. పొద్దున ఎనిమిదింటికి చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు. ఆ మూలిక అడవుల్లో ఎప్పుడో అంతరించింది. ఈ కణాల నుంచి తీసే మందు లేకపోతే పిల్లల వార్డులో నలభై గుండెలు ఆగిపోతాయి. అందులో ఒకటి బక్కాయన కూతురిది. పన్నెండింటికి, సైంటిస్టును చంపిన విదేశీ ముఠా ఆరు ఫ్లాస్కులు ఎత్తుకుపోయి, మిగతా ఆరూ నాశనం చేయిస్తుంది.

"ఆ ఆరు ఫ్లాస్కుల డబ్బా పోనియ్. ఆపితే ఇంకొకర్ని పంపుతారు. ఆ కణాలు వాళ్ళ చేతుల్లోనే చావాలి, పెంచడం తమకు చేతకాలేదనుకోవాలి," అన్నాడు చీఫ్. ఒక పెన్ను చేతికిచ్చి, "తీసుకెళ్ళేది మీ వదిన. వాళ్ళ వైపు తిరిగిపోయింది," అన్నాడు.

బక్కాయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. సర్వీసు పనిలో అన్న పోయాక ఆమెను సర్వీసులో చేర్చింది తనే. డబుల్ ఏజెంటుగా ముఠాలోకి పంపమని చెప్పిందీ తనే.

చీఫ్ ఇచ్చిన పెన్నులో ఇంకు లేదు, గ్రోత్ హార్మోన్ ఉంది. ఫ్లాస్కులో లేశమాత్రం ఉంటే కణాలు పెరుగుతాయి. ఏకంగా చుక్క పడిందా, అదే కలుపు మందు. నాలుగు రోజుల్లో అంతా నల్లబడిపోతుంది.

పావు తక్కువ పన్నెండింటికి వదిన వచ్చింది. తెల్లకోటు, చెవులకు ముత్యాలు, ఎప్పటి నవ్వే. చీఫ్ ఆర్డరంటూ నదురూ బెదురూ లేకుండా అబద్ధం చెప్పింది. ఆరు ఫ్లాస్కులు డబ్బాలో సర్దమంది, మిగతావి శత్రువుకు దక్కకుండా ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో ఉడికించమంది.

అతను తలూపాడు. కడగాల్సినవి వేసే తొట్టిలోంచి పాత ఫ్లాస్కులు ఆరు తీసి ఆటోక్లేవ్‌లోకి తోశాడు. అసలువి తొట్టిలో పెట్టి మురికివాటితో కప్పాడు. తెల్లకోటు వాళ్ళెవరూ ఆ తొట్టి వైపు కన్నెత్తి చూడరు, ఆమె కూడా చూడలేదు.

ఆమె కిటికీ దగ్గర ఫోన్లో ఉండగా పెన్ను తీసి, డబ్బాలో సర్దిన ఫ్లాస్కుల్లో ఒక్కోదానికీ ఒక్కో చుక్క వేశాడు. ఒకటి, రెండు... అయిదు. కింద కారు హారన్ మోగింది. ఆమె వెనక్కి తిరిగేసరికి ఆరో చుక్క పడింది, డబ్బా మూత పడింది.

అప్పుడు చీఫ్ మాట కూడా కాదని నోరు జారాడు. "వదినా, ఇది నేను తీసుకెళ్తా. నువ్వు ఇంటికెళ్ళిపో."

"నువ్వు పాప దగ్గరుండు," అందామె. డబ్బా అందుకుంటూ మెల్లగా అంది: "మీ అన్న శవాన్ని కూడా మనవాళ్ళు తెచ్చుకోలేదు చిన్నోడా. గుర్తుందా?"

"గుర్తుంది."

ఆమె వెళ్ళిపోయింది. చచ్చిన సరుకు తెచ్చిన మనిషిని ముఠా ఏం చేస్తుందో అతనికి బాగా తెలుసు. మురికి తొట్టి ముందు కూలబడి, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు.

ఆరో రోజు కబురొచ్చింది. ముఠా ఆ మూలిక జోలికి ఇక రాదు. పరాయి రేవులో ఒక ఆడమనిషి శవం దొరికింది, చెవులకు ముత్యాలున్నాయి. ఆమె ఎవరో సర్వీసుకు తెలియదని ఫారంలో రాయమన్నాడు చీఫ్.

బక్కాయన ఫారం నింపాడు. మరణానికి కారణం: పెరగడానికి వేసే మందే ఒక చుక్క ఎక్కువైంది. శవాన్ని తీసుకెళ్ళేవారు: మరిది. తర్వాత సెలవు చీటీ రాసి చీఫ్ బల్లమీద పెట్టి, రేవుకు బయల్దేరాడు.