నీలాపనిందల పెట్టె

కింద మైదానంలో ఎండ నలభై తొమ్మిది డిగ్రీలు దాటగానే చలిమెట్ట దారి గేటు ఎత్తుతారు. విజయనగరం నుంచి, అనకాపల్లి నుంచి, తుని నుంచి ఈడ్పుటిళ్ళు బారులు తీరి ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. ముందు ఒక జీపు, దాని కొక్కేనికి తగిలించి ముప్పై అడుగుల పొడవు ఇల్లు. అక్టోబరు దాకా సంసారం అందులోనే. కొండవాలుని మెట్లు మెట్లుగా చెక్కి, ఒక్కో మెట్టుకీ నంబరు వేశారు. చూడటానికి వరిమళ్ళలా ఉంటాయి కనుక వాటిని మడులనే అంటారు. కరెంటు ప్లగ్గు, నీళ్ళ గొట్టం మడి చివర గోడకుంటాయి. అందుకని ఇంటిని వెనక్కి నడిపించే లోపల పెట్టాలి.

వెనక్కి నడపడం వినడానికి చిన్న పనే. చేతికొచ్చేసరికి లోకం తిరగబడుతుంది. స్టీరింగు ఎడమకు తిప్పితే ఇంటి తోక కుడికి పోతుంది. అద్దంలో ఒక పక్క కనబడితే రెండో పక్క మాయమవుతుంది. వెనక ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి. తోలేవాడు ఆ మనిషి వైపు వెనక్కి తిరిగి చూస్తాడు కాబట్టి ఆమె ఎడమ, అతని కుడి. నాలుగైదేళ్ళ కిందటి దాకా ఏ సర్వే చూసినా ఒకటే తేలేది: కొండలమీదికి వలస వచ్చే దంపతులు విడిపోవడానికి కారణమైన తగాదాల్లో సగం మడి ముందు మొదలైనవి.

ఇప్పుడు అలా లేదు. ముప్పై ఎనిమిదో మడి ముందు నూకరాజు అనే అతను ఇంటిని వెనక్కి తోలుతున్నాడు. వెనక అతని భార్య రెండు చేతులూ ఊపుతోంది.

"రానీ... రానీ... లెఫ్ట్ కొట్టు!"

"నీ లెఫ్టా నా లెఫ్టా, ముందది సెప్పు!"

"పెళ్ళయి పదేనేళ్ళయినాది, ఇంకా నీ ఎడం సెయ్యేదో నాను సెప్పాలేటి?"

ఇంటి మూల నీళ్ళ పైపుని రాసుకుంటూ కీచుమంది. నూకరాజు కిటికీలోంచి తల బయటపెట్టి నోరు తెరిచాడు. అతనికంటే ముందు జీపు డాష్‌బోర్డు మీదున్న బూడిదరంగు పెట్టె మాట్లాడింది.

"తప్పు నాదే. పైపు దూరం సరిగ్గా చెప్పలేకపోయాను. క్షమించండి."

"ఇదేనే, ఈ దిక్కుమాలిన పెట్టే!" అన్నాడు నూకరాజు.

"నాను అప్పుడే అనుకున్నాను, అదే పేచీ పెడతాదని!" అంది అతని భార్య. ఇద్దరూ నవ్వేశారు.

ఇదంతా చూస్తున్న గేటు కాపలాదారు గౌరునాయుడు, తరువాతి జీపు కిటికీ దగ్గరికి వచ్చి మోచెయ్యి ఆనించాడు. "సూసినారా బావూ! తమరి పెట్టి రాకముందు, గేటెత్తిన వారం రోజులూ నాను గేటు కాపలా కాసీవోణ్ణి కాదు. కాపరాలు కాసీవోణ్ణి."

ఆ జీపులో ఉన్నది ఆ పెట్టెని కనిపెట్టిన డాక్టర్ సన్యాసిరావు. అతను నవ్వాడు. పక్క సీట్లో అతని భార్య తులసీరత్నం కిటికీ అవతలికి చూస్తోంది. గౌరునాయుడి మాట ఆమెకు వినబడిందో లేదో తెలియలేదు.

సన్యాసిరావు మనస్తత్వ శాస్త్రవేత్త. మొదట అతను చేసిన యంత్రం పేరు వెనుకన్ను. నాలుగు కెమెరాలు, ఒక లేజరు కొలబద్ద, ఒక గొంతు. "ఎడమకు పద్నాలుగు డిగ్రీలు, రెండు మీటర్లు" అని వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పేది. ఆ ఏడాది ప్రమాదాలు పెరిగాయి. దాని మాట ఎవరూ వినలేదు. ఎందుకు వినలేదో తెలుసుకోవడానికి అతను మూడు వేల రికార్డింగులు విన్నాడు. చివరికి అర్థమయింది. మనిషి తనకు కనబడని చోటికి వెనక్కి వెళుతున్నప్పుడు భయపడతాడు. ఆ భయంలో, చెడితే ఎవరిని తిట్టాలో ముందే చూసి పెట్టుకుంటాడు. ఎన్నడూ తప్పు చెప్పని గొంతుని తిట్టడానికి వీల్లేదు. తిట్టడానికి వీల్లేనివారి మాట మనిషి వినడు.

రెండో యంత్రానికి దోషవాహిని అని పేరు పెట్టాడు. పరిశోధన పత్రాల్లో బ్లేమ్ బఫర్ అని రాస్తారు. అది కూడా దారి చెబుతుంది. దారి చెప్పడం దానికి రెండో పని. అసలు పని వినడం. ఇద్దరి గొంతుల్లో వణుకు, ఊపిరి వేగం, స్టీరింగు మీద వేళ్ళ బిగువు కొలిచి, ఒకరు రెండోవారి మీద వేలెత్తబోతున్నారని లెక్క తేలగానే వాళ్ళకంటే ముందు "తప్పు నాదే" అంటుంది. తప్పు నిజంగా ఎవరిదన్న లెక్క అందులో లేదు. అది వేస్తే యంత్రం పనిచేయదు. జనం దానికి నీలాపనిందల పెట్టె అని పేరు పెట్టుకున్నారు. చవితినాడు చంద్రుణ్ణి చూడకుండానే అన్ని నిందలూ మోస్తుంది గనుక.

ఇంటింటికీ అది చేరింది. గొడవలు తగ్గాయి, ప్రమాదాలు తగ్గాయి. కిందటి వారం ప్రయోగశాల నుంచి యశోద ఫోను చేసింది. అతని దగ్గర అయిదేళ్ళుగా పనిచేస్తున్న అమ్మాయి.

"సార్, మూడు సీజన్లు వాడిన ఇళ్ళ డేటా వచ్చింది. ఆ ఇళ్ళలో 'తప్పు నాదే' అని మనుషులు అనడం మానేశారు. ఏడాది రికార్డింగులన్నీ వెతికాను సార్. ఒక్కసారి కూడా లేదు."

"గొడవలున్నాయా?"

"లేవు సార్."

"మరింకేం?"

"అదే సార్. ఇంకేమీ లేదు." ఆమె మళ్ళీ అంది. "ఒకాయన ఆస్పత్రిలో నర్సు కాలు తొక్కి, పెట్టె కోసం అటూ ఇటూ చూశాట్ట."

"నువ్వు మరీ చోద్యం చెబుతున్నావమ్మా" అని అతను ఫోను పెట్టేశాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. యశోద చెప్పినది తనకు కొత్త కాకపోవడమే అందుకు కారణం.

ఆరేళ్ళ కిందట ఇదే కొండమీద, ఇంకా పైనున్న ఒక శిబిరంలో, సన్యాసిరావు తన ఇంటిని మడిలోకి వెనక్కి తోలుతున్నాడు. వెనక తులసీరత్నం నిలబడింది. ఆమె చెల్లెలు మంగరత్నం, ఇరవై రెండేళ్ళ పిల్ల, వేసవికి వాళ్ళతో వచ్చి, చెప్పు జారిందని చక్రం వెనక వంగింది. తులసి "ఆపండి!" అని అరిచింది. ఇల్లు ఆగలేదు.

శిబిరం అధికారి విచారణలో అడిగాడు: "మీ ఆవిడ కేక ఎప్పుడు వినబడింది?"

"ఆలస్యంగా" అన్నాడు సన్యాసిరావు. వెనకమనిషి హెచ్చరిక ఆలస్యమయిందని అధికారి రాసుకున్నాడు. సన్యాసిరావు సంతకం చేశాడు. తులసి అక్కడే నిలబడి ఉంది. ఆమె ఆ మాట నమ్మింది.

ఆనాటి వెనుకన్ను రికార్డు అతని దగ్గరే ఉంది. కేకకీ చక్రానికీ మధ్య రెండున్నర సెకన్లు. బండి ఆపడానికి ఒక సెకను చాలు. కేక అతనికి స్పష్టంగా వినబడింది. ఆ రెండున్నర సెకన్లలో తన మనసులో ఏం నడిచిందో అతనికి అక్షరం పొల్లుపోకుండా తెలుసు: ఈవిడ ఎప్పుడూ ముందే భయపడుతుంది, పక్క మడివాళ్ళు కుర్చీలేసుకుని చూస్తున్నారు, ఇంకొక్క అడుగు.

అప్పటినుంచి తులసీరత్నం గట్టిగా మాట్లాడటం మానేసింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా "పాలు" అని గొణిగినట్టు అంటుంది. రోడ్డు దాటుతూ అతను బస్సుకి ఎదురెళ్ళినా చొక్కా పట్టుకుని లాగుతుంది, పిలవదు. తన నోటి మీద ఆమెకు నమ్మకం పోయింది. ఇల్లు మడిలో పెట్టేటప్పుడు జీపులోంచి దిగదు. ఆమె మళ్ళీ ఒక్కసారి తన మీద కేకలెయ్యాలని సన్యాసిరావుకి కోరిక. అంతకు మించి అతనికి ఇంకే కోరికా లేదు. లోకమంతా తప్పులు పెట్టె మీద వేసి తేలికపడుతుంటే, ఏదో ఒకనాటికి ఆమె కూడా తన బరువు దానిమీదికి దించుతుందని, అప్పుడు తను నిజం చెప్పనక్కర లేకుండానే ఆమె బాగుపడుతుందని అతను లెక్క వేసుకున్నాడు. ఆ లెక్కలోంచే దోషవాహిని పుట్టింది.

"నలభై ఒకటి మీదే బావూ, ఎల్లండి" అన్నాడు గౌరునాయుడు.

సన్యాసిరావు జీపుని మడి దాటించి ముందుకు తెచ్చి ఆపాడు. రివర్సు వేయబోతుంటే తలుపు తెరుచుకున్న చప్పుడయింది. తులసీరత్నం దిగుతోంది.

"నేను నిలబడతాను" అంది మెల్లిగా.

"పెట్టె ఉంది కదా."

"ఉండనీండి."

ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. ఆమె వెనక్కి నడిచివెళ్ళి గోడ పక్కన, అతని అద్దంలో కనబడే చోట నిలబడింది. కొంగు నడుముకి దోపుకుంది. చెయ్యెత్తింది.

"రానీండి" అంది. గాలికి కూడా వినబడనంత చిన్న గొంతు. పెట్టె ఆ మాటని పట్టి అతనికి అందించింది. అతను స్టీరింగు కుడికి తిప్పాడు, తోక ఎడమకు మళ్ళింది. ఆమె అరచెయ్యి పక్కకి ఊపింది, అతను సరిచేశాడు. ఇల్లు ఒక్కొక్క అడుగే లోపలికి దిగింది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత ఒద్దికగా పెట్టలేదనిపించింది అతనికి. చివర్లో ఇంటి వెనక మెట్టు గోడకి ఆనుకుని చిన్నగా టక్‌మంది.

"తప్పు నాదే" అంది పెట్టె. "అరంగుళం ఎక్కువ చెప్పాను. క్షమించండి."

అతను నవ్వుతూ అద్దంలోకి చూశాడు. ఆమె అక్కడ లేదు. కిటికీ దగ్గరికి వచ్చింది. అతన్ని దాటి, డాష్‌బోర్డు వైపు మొహం పెట్టి అడిగింది:

"నిన్నొక మాట అడగనా?"

"అడగండమ్మా" అంది పెట్టె.

"ఆరేళ్ళ కిందట మా మంగ పోయింది. నా కేక ఆలస్యమయిందన్నారు. ఆ తప్పు ఎవరిది?"

సన్యాసిరావు వేళ్ళు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. పెట్టె వాటి బిగువు కొలిచింది.

"తప్పు నాదే. క్షమించండి."

"అప్పటికి నువ్వు పుట్టలేదు."

"తప్పు నాదే."

ఎన్నాళ్ళుగానో అతను ఎదురుచూసిన మాట అది. ఇప్పుడామె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు. ఆమె పెట్టెని చూడటం లేదు, అతన్ని చూస్తోంది. అతని భుజాలని, మెడని, తెరుచుకున్న పిడికిలిని చూస్తోంది.

"మీరు ఊపిరి వదిలారు" అంది. "నా తప్పు కదా అది తీసుకున్నది. మీకెందుకు తేలికయింది?"

"తులసీ..." అన్నాడు.

"తప్పు నాదే" అంది పెట్టె.

"దాన్ని ఆపండి."

అతను మీట నొక్కాడు. పచ్చదీపం ఆరిపోయింది. ఇప్పుడు ఇద్దరే మిగిలారు. చెప్పవలసినవి రెండే మాటలు. కొండలమీద ఎనభై వేల ఇళ్ళకి అతను నేర్పిన రెండు మాటలు. వాటికోసం లోపల తడుముకున్నాడు. నాలుక కదిలింది. తన గొంతు తనకే వినబడింది.

"నువ్వెప్పుడూ గజం ముందే ఆపమంటావు కదా తులసీ. ప్రతిసారీ అంతే. ఆ రోజు కూడా అలాగేననుకున్నాను. నువ్వు మామూలుగా సరిగ్గా చెబుతూ ఉండుంటే..."

అక్కడికి ఆగిపోయాడు. అన్న మాట బయటికి వచ్చేసింది. కిటికీ అంచు మీద ఆమె చెయ్యి కదలలేదు.

"అంటే వినబడింది" అంది తులసీరత్నం, ఎప్పటి చిన్న గొంతుతోనే. తరువాత, ఆరేళ్ళుగా ఆ గొంతులో ఎక్కడ దాగి ఉందో, కొండ చరియకి కొట్టుకుని తిరిగొచ్చేంత కేక పెట్టింది.

"మీకు వినబడిందా!"

మూడు మడుల అవతల నూకరాజు పెట్టె ఆ కేకలో వణుకుని కొలిచింది. "తప్పు నాదే. క్షమించండి" అంది. దాని పక్కది అంది. కింది మడుల్లో మూడు అన్నాయి. పైన, వరసలో నిలబడ్డ జీపుల్లో, ఇంకా మడి చేరనివాటిలో, ఒకదాని వెనక ఒకటి, ఒకే మెత్తని గొంతు. "తప్పు నాదే. క్షమించండి." ఎవరో పిల్లలు కిలకిల నవ్వారు. నూకరాజు గుమ్మంలోకి వచ్చి, "ఏటయినాదే, అన్ని పెట్టిలూ ఒక్కపాలే అందుకున్నాయి!" అన్నాడు భార్యతో.

సన్యాసిరావు నోరు తెరిచాడు. ఆ రెండు మాటలూ అప్పటికే పెట్టెలన్నీ చెప్పేశాయి.