సూర్యం క్యాబిన్ దగ్గర ఆగిన కారు

బిలాస్‌పూర్‌లో తిఫ్రా నుంచి సిర్గిట్టి వైపు, మూతపడిన పాత లైను పక్కనే ఒక రోడ్డు పోతుంది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ రోడ్డున బండి తిప్పడానికి జనం జంకుతారు. కారణం — సూర్యం క్యాబిన్.

రైళ్లకు సిగ్నళ్లిచ్చే రెండంతస్తుల పాత గది అది. కొత్త మిషన్లొచ్చి దాన్ని మూసేసిన రోజున, క్యాబిన్‌లో పనిచేసే సూర్యం కిందికి దిగనన్నాడట. "నా డ్యూటీ అవనేదు" అన్నాడట. తెల్లారి చూస్తే సిగ్నల్ మార్చే లివరు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ తర్వాత ఇనుప దొంగలు మెట్లు కూడా ఊడదీసుకుపోయారు. పైకి ఎక్కే దారి లేదు. అయినా చీకటి పడ్డాక పైన లివరు లాగిన చప్పుడు — ఖణేల్ — వినిపిస్తుందనీ, ఆ వెంటనే కింద పోయే బండి నిలిచిపోతుందనీ రైల్వే కాలనీలో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు.

వేణుగోపాల్ ఆ కాలనీలోనే పుట్టాడు. అతనికీ తెలుసు. తెలిసే ఆ చోటు ఎంచుకున్నాడు. అక్కడికైతే ఎవరూ రారు కదా.

అతని కష్టమంతా ఒక్క మనిషి దగ్గరుంది. అతను ప్రేమించిన భానుప్రియ తండ్రి సన్యాసిరావు. రిటైరైన లోకో పైలట్. సర్వీసంతా సిగ్నల్ మాట జవదాటని మనిషి. "ఊళ్లోవోళ్ల కార్లు తుడిచీవోడికి నా పిల్లనిస్తానేటి" అని వేణు తల్లికి మొహం మీదే చెప్పేశాడు. పొద్దున్నే కోర్బా నుంచి బ్యాంకు ఆఫీసరు సంబంధం వాళ్లు భానుని చూడ్డానికి వస్తున్నారు. వేణుకి మిగిలింది ఈ ఒక్క సాయంత్రమే.

తుడవడం మాత్రం నిజం. తిఫ్రాలో ఖరీదైన కార్లకు మెరుగుపెట్టే షాపులో పని. అక్కడ చాన్నాళ్లుగా ఒక జర్మనీ స్పోర్ట్స్ కారు కదలకుండా పడి ఉంది. నేలని రాసుకుంటూ పోయే పసుప్పచ్చ బండి. దాని యజమాని ఊళ్లో లేడు. షాపు ఓనరు పెళ్లికని మస్తూరీ వెళ్లాడు. ఇంకేం, వేణు తాళం తీశాడు. సన్యాసిరావు గుమ్మం ముందు ఠీవిగా దిగి, "షాపులో పార్ట్‌నర్‌నయ్యాను అంకుల్, కారు నాదే" అనాలని అతని పథకం. ఆ తర్వాత సంగతి తర్వాత.

నాన్న ఇంటికి రాగానే ఫోన్ చేస్తానంది భాను. అందాకా ఎవరి కంటా పడకుండా క్యాబిన్ నీడలో ఆగాడు. ఇంజన్ ఆపి — ఏసీ, పాటలు, లైట్లు అన్నీ పెట్టుకుని — అద్దంలో జుట్టు సర్దుకుంటూ కాబోయే మామగారితో మాటలు వల్లెవేసుకుంటున్నాడు.

పైన ఎక్కడో... ఖణేల్.

పాట ఆగింది. లైట్లు ఆరాయి. ఏసీ ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది. వేణు స్టార్ట్ బటన్ నొక్కాడు. టిక్... టిక్... ఆపైన ఆ టిక్ కూడా లేదు.

"బ్యాటరీ," అని పైకే చెప్పుకున్నాడు. నిజమే. అసలే వాడక నీరసించిన బ్యాటరీ, మీదట ఈ పెళ్లికొడుకు పాటలు పెట్టాడు. దెయ్యం కాదు, బ్యాటరీ.

అయితే ఈ కారుకి ఇంజన్ వెనక. బ్యాటరీ ముందు బానెట్ కింద. బానెట్ తెరవాలంటే బటన్ నొక్కాలి. బటన్ పనిచేయాలంటే కరెంటు కావాలి. కరెంటిచ్చే బ్యాటరీ ఏమో బానెట్ కింద. చచ్చిన బ్యాటరీని లేపే చిన్న బూస్టర్ ఒకటి షాపువాళ్లు ప్రతి బండిలోనూ పెడతారు. అదీ బానెట్ కిందే ఉంది. కోట్లు పోసి కొనే వస్తువుల తీరు ఇలాగే ఏడుస్తుంది.

ఒక ఉపాయం లేకపోలేదు. డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్యూజుల పెట్టెలో ఎర్ర పిన్ను ఒకటుంటుంది. దాన్ని బయటికి లాగి, ఇంకో బండి బ్యాటరీ తగిలిస్తే బానెట్ టప్పున లేస్తుంది. కానీ ఆ ఇంకో బండి ఏది? షాపుకి ఫోన్ చేస్తే దొంగతనం బయటపడుతుంది.

ఇంతలో భానే ఫోన్ చేసింది.

"నాన్న ఇంకా రాలేదు. తూ కహాఁ హై, ఎక్కడున్నావ్?"

"దారిలో యార్... వచ్చేస్తున్నా," అన్నాడు మెల్లగా. ఫోన్‌లో చార్జింగ్ అడుగంటింది.

అప్పుడు — రోడ్డు చివర ఒంటి దీపం కనిపించింది. స్కూటర్. వేణుకి ప్రాణం లేచొచ్చింది. రోడ్డు మధ్యకెళ్లి, ఫోన్ టార్చి వెలిగించి, చెయ్యి పైకెత్తి అటూ ఇటూ జోరుగా ఊపాడు.

స్కూటర్ ఆగింది. కానీ దగ్గరికి రాలేదు... అల్లంత దూరంలోనే ఆగింది.

ఇంకా జోరుగా ఊపాడు. అది ముందుకి రాలేదు, వెనక్కీ తిరగలేదు. దీపం వెనక ఒక ఆకారం — కదలకుండా, పలక్కుండా — ఇటే చూస్తోంది.

"భాయ్... ఓ భాయ్..."

ఆకారం ఉన్నచోటే ఉంది.

బతికున్న మనిషైతే సాయానికి వస్తాడు, లేదా భయపడి పారిపోతాడు. ఇలా నిలబడి చూడటమేమిటి? ఇంతలో ఫోన్ చచ్చిపోయింది. చుట్టూ చీకటి... ఆ చివర ఆ ఒంటి కన్ను.

ఒక్క గెంతున కార్లో పడి తలుపు మూసుకున్నాడు. మొహం స్టీరింగుకి ఆనించి, గుర్తొచ్చిన దేవుళ్లనల్లా పేరుపేరునా పిలిచాడు. ఎంతసేపలా ఉన్నాడో అతనికే తెలీదు.

స్కూటర్ చప్పుడు దగ్గరైంది... ఇంకా దగ్గరైంది... ఆగింది. అద్దం మీద ఎవరో వేలితో కొట్టారు.

వేణు ఒక కన్ను తెరిచాడు. మంకీ క్యాపు. దాని కింద గుబురు మీసం. సన్యాసిరావు. దెయ్యమే వచ్చినా బాగుండుననిపించింది.

"ఎవుడ్రా... వేణుగోపాలువేటి?" గొణిగాడు ముసలాయన.

వేణు తలుపు తీసుకుని దిగాడు. "నేనే అంకుల్. బ్యాటరీ పోయింది. మీరేంటి... అక్కడే నిలబడిపోయారు?"

"దీపం అలాగ ఊపినావు కాదేటి. రంగు ఏదైనా సరే, జోరుగా ఊపితే డేంజరు. సిగ్నల్ మారకండా నేనెలాగొస్తాను?"

వేణు ఊపింది సాయానికి. ఆయన చదువుకున్నది రైల్వే చదువు. స్కూటర్ మీదున్నా రూలు రూలే.

"అచ్ఛా... ఈ కారు ఎవుడిది?"

వల్లెవేసిన మాటలు వాటంతటవే వచ్చేశాయి. "నాదే అంకుల్. షాపులో పార్ట్‌నర్‌నయ్యాను."

"ఊఁ," అన్నాడు సన్యాసిరావు. ఆ ఊఁకి అర్థం ఆయనకే తెలియాలి.

ఇంట్లో పంపు మోటారుకని తిఫ్రాలో కొన్న వైరు ఆయన సంచిలో ఉంది. ఆయనే కొసలు పంటితో ఒలిచిపెట్టాడు. స్కూటర్ బ్యాటరీ నుంచి ఒక తీగ ఎర్ర పిన్నుకి తగిలించి, రెండో తీగ తలుపు దగ్గరి ఇనుప కొక్కేనికి ఆనించాడు వేణు.

అంతే — ఆ చోటంతా ఊళ పెట్టింది. హారను, మిణుకుమనే దీపాలు... సన్యాసిరావు ఎగిరి వేణుని వాటేసుకున్నాడు. వేణు ఆయన్ని వాటేసుకున్నాడు. కారు అలారం అని వేణుకి గుర్తొచ్చి, తాళం మీది మీట వెతికి నొక్కేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

బానెట్ లేచింది. బూస్టర్ బయటికొచ్చింది. ఇంజన్ గర్రుమని అందుకుంది.

సన్యాసిరావు మంకీ క్యాపు సర్దుకున్నాడు. "మనిషివి పరవానేదురా," అన్నాడు నెమ్మదిగా. "కారు చూసి కాదు. డేంజరు చూపించినోడివి, మళ్లీ పద్ధతిగా పచ్చదీపం చూపించినావు. అది చూసే నేనొచ్చినాను. ఈ కాలపోళ్లకి ఆ పద్ధతి ఎక్కడ తెలుస్తాది?"

"పచ్చ... దీపమా?"

"ఆ పైన కిటికీలోంచి. ఊపకండా, నిలకడగా. మెట్లు నేవు కదా, ఎలాగెక్కినావు?"

వేణు జేబు తడిమాడు. చచ్చిన ఫోన్ అందులోనే ఉంది. దానికి పచ్చ వెలుగు ఎప్పుడూ లేదు.

నిజం చెప్పాలి. కానీ ఆ మొహంలో తనమీద మెచ్చుకోలు కనిపించడం ఇదే మొదలు. పొద్దున్న బ్యాంకువాళ్లు వస్తున్నారు. ఒక్క మాట... ఒక్క మాటతో భాను తనదవుతుంది.

"నువ్వే కదేటి?"

"నేనే... మావయ్యా."

ఖణేల్.

పైన కిటికీ వెలిగింది. ఎర్రగా.

సన్యాసిరావు ఉన్నచోటే బిగుసుకుపోయాడు. "ఆగు," అన్నాడు, పెదవులు కదలకుండా.

వేణు నోట్లోంచి మాటలు ఒకదాన్నొకటి తోసుకొచ్చాయి. "నేను కాదు. నేను కార్లోనే కూర్చుని ఏడుస్తున్నా. కారూ నాది కాదు, కస్టమర్‌ది, అడక్కుండా తెచ్చాను. పార్ట్‌నర్ని కాదు, తుడిచేవాణ్నే. భాను అంటే ప్రాణం... అదొక్కటే నిజం."

సన్యాసిరావు అతని వైపు చూడలేదు. ఆయన చూపు కిటికీ మీదే ఉంది.

ఎరుపు ఆరింది. చీకటి... చాలాసేపు చీకటే. తర్వాత, తొందరేమీ లేనట్టు, పచ్చగా వెలిగింది. ఊపకుండా. నిలకడగా.

సన్యాసిరావు కిటికీని చూశాడు. వేణుని చూశాడు. మళ్లీ కిటికీని చూశాడు. పిల్ల తండ్రిగా ఆయనకి అనడానికి చాలా ఉంది. కానీ పచ్చదీపం చూసి బండి ఆపుకున్న రోజు ఆయన సర్వీసులో లేదు.

స్కూటర్ కిక్కు కొట్టాడు.

"బ్యాంకోళ్లకి రావద్దని ఫోన్ చేసీయాల," అని గొణుక్కున్నాడు. "ఏటి చూస్తావు... సిగ్నల్ ఇచ్చీసినాడు. ముందు ఆ కారు ఎక్కడిదక్కడ పెట్టీసి రా, అల్లుడూ."