మంచు పడిన సాయంత్రం దీపం ఆపినవాడు

“ముసలాయన్ని కాపాడాలి. కాపాడుతున్నట్టు ఆయనకి తెలియకూడదు. తెలిస్తే బెంబేలెత్తి పని మానేస్తాడు,” అంది చీఫ్ లోయిస్, ఫైలు ముందుకు తోస్తూ.

ఏజెంట్ ఎల్డన్ రుస్టాడ్ ఫోటో చూశాడు. ప్రొఫెసర్ టోలెఫ్సన్. డెబ్బై ఏళ్లు. మిన్నెసోటా మొక్కజొన్న పొలాల్లో, గాలిమర పక్కన నిలబడి, రాలే మంచుతో గాలిని కొలిచే మనిషి.

“మంచుతో గాలినా?”

“గాలి కనబడదు, మంచు రేకు కనబడుతుంది. చీకట్లో పెద్ద సెర్చ్‌లైట్ వేస్తారు. ఆ వెలుగులో రేకులు ఎటు తిరిగితే గాలి అటు తిరిగినట్టు. కెమెరా పట్టేస్తుంది. ఆ సుడుల లెక్క తెలిసినవాడు తుఫానులో కూడా డ్రోన్‌ని నేలబారుగా నడపగలడు. అవతలి ముఠాకి ఆ లెక్క కావాలి. అది దొరికాక, దాన్ని చదవగలిగిన ముసలాయన మనకి మిగలకూడదని వాళ్ల పథకం. రోడ్డు మీద మనవాళ్లుంటారు. లోపల నువ్వూ, మన కాంటాక్టూ. అంతే.”

“కోడ్?”

“‘చేపలు పడుతున్నాయా?’ అంటావ్. ‘మంచుగడ్డకి కన్నం పెడితే పడతాయి’ అని జవాబు.”

ఎల్డన్ లైట్‌మన్ వేషంలో చేరాడు. ఆరు వారాలు గడిచినా మంచి మంచు పడలేదు. పడిన రెండుసార్లూ తడి ముద్దలే, కొలతకి పనికిరావు. ప్రొఫెసర్ రోజూ ఆకాశం వంక చూసి “రేపు చూద్దాంలే” అనేవాడు. మూడు శీతాకాలాలుగా అదే మాటట. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు, తుపాకీ ఉన్నవాడి చేతిలో కూడా. మధ్యాహ్నం ఆయన తన బంగాళాదుంప రొట్టెలో సగం తుంచి ఎల్డన్ చేతిలో పెట్టేవాడు. తండ్రి లేని ఎల్డన్‌కి ఆయన మీద మమకారం పెరిగింది. ఏజెంట్లకి రాకూడని జబ్బు అది.

కంప్యూటర్లు చూసే సోల్వే కాంటాక్టు. అందగత్తె అని ఫైలు చెప్పింది. ఆ చలికోట్లలో అందరూ బియ్యం బస్తాలే గానీ, కనురెప్పల మీద మంచు మెరిసినప్పుడు ఫైలు అబద్ధం కాదనిపించింది. కోడ్‌కి తడుముకోకుండా జవాబిచ్చింది. ఎల్డన్ నమ్మేశాడు.

డిసెంబరు పందొమ్మిదిన, సాయంత్రం ఆరింటికి పూర్తిగా చీకటి పడ్డాక, మంచు మొదలైంది. పొడి మంచు, విడివిడి రేకులు. ప్రొఫెసర్ రేకుల సైజు చూడటానికి నల్ల వెల్వెట్ గుడ్డ పట్టుకుని పొలంలోకి పరుగెత్తాడు. ఎల్డన్ వ్యాన్‌లో కూర్చుని దీపం వేశాడు. సోల్వే ఇచ్చిన కాఫీ తాగాడు.

కళ్లు తెరిచేసరికి కుర్చీకి కట్టేసి ఉన్నాడు. సోల్వే చేతిలో డ్రోన్ రిమోట్ ఉంది.

“అరుస్తావా? అరుచుకో. ఈ గాలికి నీకే వినబడదు.”

“సోల్వే, ఆయన నీకేం చేశాడు?”

“పాపం, ఏమీ చెయ్యలేదు. డ్రోన్‌కి చిన్న విషపు సూది, అంతే. ముసలాయన చలికి గుండె ఆగి పోయాడనుకుంటారు. నీ సంగతి తర్వాత చూస్తా.”

ఎల్డన్ వాచీలోని రేడియో నొక్కాడు. చలికి చచ్చింది. బూటు మడమలోని బ్లేడు గడ్డకట్టి బయటికి రాలేదు. అవన్నీ చలి ఎరగని ఊళ్లో తయారైన సామాన్లు.

తెర మీద మంచు అందంగా తిరుగుతోంది. గాలిమర వెనక పెద్ద సుడులు, వాటి నడుమ రేకులు చెదిరిపోతూ ఒక చిన్న నల్లటి ఖాళీ. అదే డ్రోన్. సోల్వే తెర చూసుకుంటూ, సుడి వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకి తప్పిస్తోంది. తెర అంచున ప్రొఫెసర్ తల వంచి గుడ్డ మీది రేకులు చూసుకుంటున్నాడు. ఎల్డన్ గొంతు చించుకుని పిలిచాడు. ఆయన తలెత్తలేదు. ఎల్డన్‌కి ఏడుపొచ్చింది.

ముప్పై గజాలు. ఇరవై.

అప్పుడు తట్టింది. ఆమె డ్రోన్‌ని నడుపుతున్నది తెర మీద తిరిగే మంచుని చూసే. దీపం లేకపోతే మంచు కనబడదు, మంచు కనబడకపోతే గాలీ కనబడదు. కానీ దీపం ఆపితే ముసలాయన మూడేళ్ల తపస్సు మట్టిపాలు.

పది గజాలు.

ఎల్డన్ కుర్చీతో సహా పక్కకి పడ్డాడు. కాలు దీపం కేబుల్‌కి తగులుకుంది. ప్లగ్గు ఊడింది.

తెర నల్లబడింది. సోల్వే పళ్లు కొరికింది. రెండు క్షణాల్లో సుడి డ్రోన్‌ని ఎత్తి గాలిమర స్తంభానికేసి కొట్టింది. ముక్కలు చప్పుడు లేకుండా మంచులో పడ్డాయి. ఆమె ప్లగ్గు జోలికి పోలేదు, తలుపు తోసుకుని పరుగెత్తింది. దీపం ఆరడం చూసి బయల్దేరిన లోయిస్ మనుషులు, పారిపోతున్న ఆమెని రోడ్డు మీద పట్టుకున్నారు. వాళ్లే వచ్చి ఎల్డన్ కట్లు విప్పి, ప్రొఫెసర్ చీకట్లో తడుముకుంటూ వచ్చేలోపు మాయమయ్యారు. అప్పటికి మంచు కూడా ఆగిపోయింది.

“దీపం?” అన్నాడు ప్రొఫెసర్. ఆ ఊళ్లలో కోపమొస్తే గొంతు తగ్గిస్తారు. ఆయన గొంతు దాదాపు వినబడలేదు.

“కాలు తగిలిందండీ.”

“ఓహో. సర్లే. అవుతుంటాయి.” గుడ్డ మడతపెట్టాడు. “మూడేళ్లలో ఇలాంటి మంచు ఇదే.”

ఎల్డన్‌కి అంతా చెప్పేసి ఆయన్ని కావలించుకోవాలనిపించింది. వంగి, ఊడిన కేబుల్ చుట్టసాగాడు.

“నువ్వు మంచోడివే నాయనా. కానీ ఈ పని నీకు అచ్చిరాదు. ఇంకేదైనా చూసుకో.”

“ఏం చూసుకోమంటారు?”

ప్రొఫెసర్ నిజంగానే కాసేపు ఆలోచించాడు.

“నీ అజాగ్రత్త వల్ల ఎవరి ప్రాణాల మీదికీ రాని పని ఏదైనా,” అన్నాడు.