నడిచే పిన్‌కోడు

రెండో విడత పార్సెళ్లు తపాలా కార్యాలయానికి వచ్చేసరికి వరూధిని చేతులు వాటంతటవే కదులుతున్నాయి. ఆమె పిన్‌కోడు చూపిస్తే చాలు, గీతయంత్రం ఒక్కో అంకెనూ అయిదు గీతలుగా అచ్చు వేస్తుంది. రెండు పొడుగువి, మూడు పొట్టివి. చివర ఒక సరిచూపు అంకె చేరి, అంకెల మొత్తాన్ని ఇరవైకో ముప్పైకో, ఏదో ఒక నిండు పదికి తెస్తుంది. లెక్క కుదిరితే తపాలా తూనీగ పార్సెల్‌ను కాళ్లతో పట్టుకుని, ఆ కోడును పలికే గుంజను వెతుక్కుంటూ కొల్లేటి మీదికి ఎగిరిపోతుంది. ఊరికో గుంజ. గుంజ లేనివాళ్లకు గీతలు లేవు.

ఆ గీతల కోసమే గంగరత్నం కిటికీ దగ్గర నిలబడి ఉంది, కాళ్లకు బురదతో. బాతులు మేపుకుంటూ పడవలోనే బతికే మనిషి.

“సాయంత్రంలోగా గీతలు పంపకపోతే పొదిగించే కేంద్రమోళ్లు నా బాతుపిల్లల్ని ఇంకోళ్లకి ఇచ్చేత్తారంటండి,” అంది. “ఉన్నయ్యన్నీ ముసలైపోయినియ్యండి. ఇయ్యి రాకపోతే ఇంక మందే ఉండదండి.”

“నువ్వే వెళ్లి తెచ్చుకోకూడదూ?”

“పడవలో అంత దూరం తెత్తే బతకవండి. తూనీగైతే ఒక్క పూటలో దింపుద్ది.”

“మరి మీ ఊరేది?”

“ఊరేంటండీ బాబూ! బాతులెటెల్తే అటే.”

“కదిలేది ఊరు కాదు,” అంది గీతయంత్రం. దానికి మర్యాద ఎక్కువ, జాలి తక్కువ.

వరూధినికి ఒళ్లు మండింది. చరచరా గోదాములోకి వెళ్లి, మూలనున్న దుంపలంక గుంజను దుమ్ము దులిపి తెచ్చింది. సరస్సు పెరిగి దుంపలంక మునిగాక జనం తలో ఊరికీ చేరారు. దాని కోడును మాత్రం ఎవరూ జాబితాలోంచి కొట్టెయ్యలేదు.

“ఇది పడవలో నిలబెట్టు. ఇవాళ్టి నుంచి దుంపలంక నీదే.”

“ఎవరన్నా తిడతారేమోనండి!”

“తిడితే నన్ను తిడతారులే.”

వరూధిని కోడు నొక్కింది. అంకెల మొత్తం ఇరవై ఏడు. యంత్రం కాసేపు తటపటాయించి, సరిచూపు అంకెగా మూడు చేర్చి, గీతలు అచ్చు వేసింది. లెక్క కుదిరాక అది మాత్రం ఏమంటుంది? గీతలు బాతుగుడ్లు పొదిగించే కేంద్రానికి వెళ్లిపోయాయి.

మర్నాడు భోజనాల వేళ గీతయంత్రం ఉలిక్కిపడినట్టు మోగింది.

“దుంపలంక తూర్పుకు కదులుతోంది. ఆపాలా?”

“ఆపకు. బాతులు మేస్తున్నాయి.”

అంతలో యంత్రంలోంచి, పడవలోని గుంజ పంపిన గంగరత్నం గొంతు, దాని వెనక ఒకటే కిచకిచలు. “వచ్చేశాయండీ! ఒక్కటీ చావలేదండీ!”

వరూధిని అన్నం ముద్ద చేతిలో పట్టుకునే నవ్వేసింది. చెమర్చిన కళ్లను ఎడంచేత్తో తుడుచుకుంది.

ఆ వారం తిరక్కుండానే కిటికీ ముందు వరుస కట్టారు. వలలు భుజాన వేసుకున్నవాళ్లు, గొర్రెలు కాసేవాళ్లు, సర్కస్ డేరావాళ్లు, అంతా ఊరు లేని జనమే. గీతయంత్రం ఆ వరుసను చివరిదాకా చూసింది. ఈసారి దాని గొంతులో కాస్త మొహమాటం వినిపించింది.

“వరూధినిగారూ, గోదాములో గుంజలు ఇంకేమైనా ఉన్నాయా?”